మిరియాల బిస్కెట్లు మాడిన రోజు

లాత్వియా అనే దేశం ఒకటుందని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ఫోన్‌లో మ్యాపు తీసి చూస్తే ఎక్కడో పైన, చలి దేశాల మధ్య, చిన్నగా కనిపించింది. ఆ దేశపు ముసలామె ఒకామె బిస్కెట్లు చేస్తున్న వీడియో నా ఫోన్‌లోకి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. ఆమె మాట్లాడేది ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ గిన్నెలో వేస్తున్నవన్నీ నా వంటింట్లో ఉన్నవే. లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు, శొంఠి, మిరియాలు. ఆఖరికి ధనియాలు కూడా దంచి వేసింది. ధనియాలు చూడగానే నాకు నవ్వొచ్చింది. మా అత్తమ్మ మసాలా సామానంతా పట్టుకెళ్లి బిస్కెట్లలో పోసినట్టుంది.

నవ్వు సంగతి అలా ఉంచితే, నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. ఆమె పళ్లేన్ని ఓవెన్‌లో పెట్టి, వెళ్లి కిటికీ దగ్గర కూర్చుని ఊలు అల్లుకోసాగింది. గడియారం వైపు చూడలేదు, ఓవెన్ వైపు కూడా చూడలేదు. కాసేపటికి అల్లిక ఆగింది. తల కొంచెం ఎత్తి, ముక్కుతో గాలి పీల్చి, లేచి వెళ్లి పళ్లెం బయటికి తీసింది. బిస్కెట్లు ఎంతవరకు కాలాలో అంతవరకే కాలాయి. ఇన్ని నిమిషాలు, అన్ని నిమిషాలు అని చెప్పే వంటలంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఈమె మన మనిషే అనిపించింది.

మాది సూరత్. పర్వత్ పాటియా అవతల, పనివాళ్ల ఇళ్ల వరుసల్లో ఒకటి. ముందు గది, వంటిల్లు, పైన అందరికీ కలిపి ఒక మేడ. మా నాన్న మగ్గాలు నడపడానికి కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ, మునిసిపల్ తెలుగు బడిలో చదివిందీ ఇక్కడే. సలాబత్‌పురా నుంచి వచ్చే చీరలకు ఇంట్లో కూర్చుని రాళ్లు అంటిస్తాను. మా ఆయన పాండేసరలో బట్టలకు రంగులేసే ఒక మిల్లులో కెమికల్ గోడౌన్ చూసుకునేవాడు. మా తమ్ముడు ఆయన చేతికింద పనిచేసేవాడు. వాణ్ని అక్కడ పెట్టించింది మా ఆయనే. నాకు తోడబుట్టినవాడంటే వాడొక్కడే.

ఆ గోడౌన్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. రంగు వేశాక బట్ట మీద మిగిలిపోయిన రంగును వదిలించడానికి హైడ్రోస్ అనే తెల్లపొడి వాడతారు. ఇనుప డ్రమ్ముల్లో వస్తుంది. దానికి నీళ్లంటే పడదు. మూత సరిగ్గా లేక చెమ్మ తగిలిందా, తనలో తానే వేడెక్కి, పొగ వదిలి, ఆపైన అంటుకుంటుంది. మూసిన గదిలో ఆ పొగ మనిషిని నిలబడ్డ చోటే పడగొడుతుంది. అయితే పొగ కంటికి కనబడకముందే ఒక వాసన వస్తుందట, అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు లాంటిది. అందుకని ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పొద్దుటి షిఫ్టు ఎక్కేటప్పుడు గోడౌన్ తలుపు జానెడు తెరిచి, ముందు ఒక మనిషి వాసన చూడాలి. అతను సరే అంటేనే మిగతావాళ్లు లోపలికి వెళ్లి డ్రమ్ములు ముట్టుకుంటారు. ఆ మనిషి మా ఆయన. మిల్లులో అందరూ నమ్మేది ఆయన ముక్కునే.

ఆ ముక్కు అలాంటిది మరి. పాలు ఉన్నాయా, విరిగేలా ఉన్నాయా అని పక్కింటివాళ్లు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్లు. పెళ్లి భోజనాలకు వెళ్తే పప్పు అడుగంటిందని విస్తళ్లు వేయకముందే చెప్పేవాడు. నేను కుక్క ముక్కు అని ఏడిపించేదాన్ని.

“గీ కుక్క ముక్కుతోనే మిల్లు నడుస్తున్నదే” అనేవాడు, కోపం లేకుండా. నిజానికి ఆ మాట ఆయనకు ఇష్టం.

ఈ ఏడు వానలు గట్టిగా పట్టాయి. ఇంటి గోడలు చెమ్మెక్కాయి, డబ్బాలో ఉప్పు నీరు కారింది, అగ్గిపుల్లలు గీస్తే మందు రాలిపోయేది. అలాంటి రోజుల్లో మా వాళ్లిద్దరూ డ్యూటీ నుంచి వచ్చేదాకా నేను గుమ్మం వైపే చూస్తుండేదాన్ని. కారణం లేకపోలేదు. గోడౌన్ మీది రేకులు ఒక మూల కారుతున్నాయని మా తమ్ముడు ఒకసారి నోరు జారాడు. అడిగితే, డ్రమ్ములు దూరంగానే ఉన్నాయిలే అని మాట మార్చాడు.

మిల్లుకు సెలవున్న రోజు చూసుకుని బిస్కెట్లు మొదలుపెట్టాను. వెనక సందులో ఉండే ఒకామె ఇల్లు మారుతూ తన చిన్న కరెంటు ఓవెన్ నాకిచ్చి వెళ్లింది. మా వైపు నాన్‌ఖటాయ్ బిస్కెట్లు కావాలంటే పిండీ నెయ్యీ పట్టుకెళ్లి బేకరీ భట్టీలో కాల్పించుకోవడమే అలవాటు. ఇంట్లో కాల్చడం మా వరుసలో నేనే మొదలు. వీడియోలో ముసలామె పోసిన నల్లటి పాకం ఏమిటో తెలియక నేను బెల్లం పాకం పట్టాను. దంచిన మసాలాలూ వెన్నా అందులో కలిపి, చల్లారాక గుడ్డూ వంట సోడా మైదా వేసి ముద్ద చేసి, ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆమె కూడా పిండిని అలాగే చలిలో ఉంచింది. మర్నాటికి ముద్ద గట్టిపడి నల్లరేగడి మట్టిలా తయారైంది.

“ధనియాలేందే బిస్కెట్లల్ల? పులుసు పెడుతున్నవా?” అంది మా అత్తమ్మ, ముద్దను వేలితో పొడిచి చూసి.

“తిన్నంక మాట్లాడు అత్తమ్మా.”

“తింట గని, ముందుగాల నా బీపీ గోలీ దగ్గర పెట్టు.”

ఆమె అలా వెక్కిరించి, రెండిళ్ల అవతల ఉన్న తన ఈడు మనిషి దగ్గరికి ముచ్చట్లకు పోయింది. నేను పిండిని పల్చగా ఒత్తి, చాయ్ గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, మొదటి పళ్లెం ఓవెన్‌లో పెట్టాను. ఎంతసేపు ఉంచాలో నాకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదనుకున్నాను. ఆ ముసలామె ముక్కు కంటే గొప్ప ముక్కు మా ఇంట్లో ఉంది కదా. అంతలో చినుకులు మొదలయ్యాయి. మేడ మీద బట్టలున్నాయి.

“ఏందయ్యా, జర గీడ కూసో. మంచి వాసన రాంగనే స్విచ్ బంద్ చెయ్. మాడినయనుకో, నీ సంగతి చెప్త.”

“వాసన ముచ్చట నాకు చెప్తున్నవా?” అని నవ్వి, వెల్లుల్లి గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఓవెన్‌కి వీపు పెట్టి పీట మీద కూర్చున్నాడు.

మేడ మీద నా బట్టలు తీసి, పక్కవాళ్లవి తడుస్తుంటే అవీ తీశాను. వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. ముందు లవంగం, వెనకే బెల్లం, ఆ వెనక మిరియం. ఆ వానలో అది ఎంత బాగుందో చెప్పలేను. ఈపాటికి కట్టేసి ఉంటాడులే అనుకుని మేడ మీది మెట్ల గదిలో నిలబడి బట్టలు మడతపెట్టసాగాను. కాసేపటికి వాసన మారింది. బెల్లం మాడుతున్న చేదు. ఇంకా కట్టలేదేంటి అనుకున్నాను. ఆ తర్వాత పొగ వాసన వచ్చింది. బట్టలు అక్కడే పడేసి కిందికి పరుగెత్తాను.

వంటింటి కప్పు కింద పొగ పేరుకుంటోంది. మా ఆయన అదే పీట మీద, అలాగే ఓవెన్‌కి వీపు పెట్టి కూర్చుని, వెల్లుల్లి పొట్టు తీస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయన తల వెనక నుంచి పొగ పైకి లేస్తోంది. నన్ను చూసి నవ్వాడు.

నాకు రావాల్సింది కోపం. ఆ నవ్వు చూసి భయం వేసింది.

నేను వెళ్లి స్విచ్ కట్టేసి ఓవెన్ తలుపు తీశాక గానీ ఆయన వెనక్కి తిరగలేదు. పొగ మొహాన కొట్టి దగ్గాడు. బిస్కెట్లు బొగ్గు బిళ్లలైపోయాయి. “జర కునుకు పట్టింది” అన్నాడు. ఒళ్లో గిన్నెలో వెల్లుల్లి మొత్తం తెల్లగా, శుభ్రంగా ఒలిచి ఉంది.

“కునుకుల వెల్లుల్లి ఒలుస్తవా? పాట గూడ పాడ్తవా?”

అంతలోనే మా అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చేసింది. “ఏం మాడ్సిన్రే? గల్లీ మొత్తం కంపు!” అని నన్నే నాలుగు తిట్టి, కిటికీలు తెరిచి, ఊదుబత్తీలు వెలిగించి ముందు గదిలో కూర్చుంది. రెండిళ్ల అవతల ఉన్న అత్తమ్మకు తెలిసింది, పక్కనే కూర్చున్న ఆయనకు తెలియలేదు.

నేను వంటింట్లోనే నిలబడి గడిచిన నెలలన్నీ వెనక్కి తిప్పుకున్నాను. పాలగిన్నె ముందు పెడితే గిన్నె ఊపి, కళ్లతో చూసి చెప్పడం. పులిసిపోయిన పప్పును మారుమాట్లాడకుండా తినడం. పక్కింటామె నూనె తెచ్చి చూపిస్తే “నువ్వేమంటవు?” అని ముందు ఆమెనే అడగడం. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. పోనీలే, నోరు తగ్గించాడు అనుకుని సంతోషించాను కూడా.

“కండ్లు మూస్కో” అన్నాను.

“ఎందుకే?”

“మూస్కోమన్ననా లేదా?”

మూసుకున్నాడు. స్నానాల గది పక్కనున్న ఫినాయిల్ సీసా తెచ్చి, మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. పట్టుకున్న నాకే ముక్కు మండింది.

“యాలకులు దంచిన. తాజాగున్నయా, పాతయా?”

గట్టిగా పీల్చాడు. “తాజయే. మంచి ఘాటున్నయ్.”

కళ్లు తెరిచి సీసా చూశాడు. నేను మూత పెట్టేశాను. అప్పుడు చెప్పాడు. చలికాలంలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ ఏ వాసనా లేదట. జలుబనుకున్నాడట, రేపోమాపో వస్తుందనుకున్నాడట. అలా అనుకుంటూనే ఎండాకాలం దాటి వానల్లోకి వచ్చేశాడు.

“ఎవ్వలకు చెప్పకు. అమ్మకు గూడ. మిల్లుల నాకున్న ఇజ్జత్ గదొక్కటే.”

“ఇజ్జత్ సంగతి తర్వాత. పొద్దున తలుపు కాడ ఏం చేస్తున్నవ్?”

“చూస్కుంటున్న.”

“ఏంతోని చూస్కుంటున్నవ్? ముక్కే లేకపాయె!”

“చూస్కుంటున్న అన్న గదనే” అని లేచి వెళ్లిపోయాడు. వెంటపడి అరిచేదాన్నే. ముందు గదిలో అత్తమ్మ ఉందని నోరు నొక్కుకున్నాను.

చేతులు ఊరుకుంటే నా బుర్ర ఊరుకోదు. మిగిలిన పిండి ఒత్తి రెండో పళ్లెం పెట్టి, ఈసారి ఓవెన్ ముందు నేనే కూర్చున్నాను. అంచులు ముదురు రంగుకు వచ్చి, నడిమి మెత్తగా, వీడియోలో ఉన్నట్టే వచ్చాయి. ఒకటి కొరికాను. బెల్లం తీపి వెనకాల మిరియం నెమ్మదిగా గొంతులో మండింది. బాగుంది అని చెప్పడానికి ఎవరినీ పిలవాలనిపించలేదు.

సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. గొడుగు బయట విదిలించి, లోపలికి వస్తూనే చాయ్ అడిగి, మా ఆయన పక్కన కూర్చున్నాడు. వాడి పెళ్లినాడు కూడా అంత హుషారుగా లేడు.

“అక్కా, బావ చెప్పిండా? ఇప్పుడు తలుపు కాడ నన్నే ముందు నిలబెడుతున్నడు. నేర్పిస్తున్నడు.”

“ఏం నేర్పిస్తున్నడు?”

“గదే, వాసన చూసుడు. నేను తల లోపటికి పెట్టి చూసి చెప్త. బావ ‘సరే, నడువు’ అంటడు. బావ తర్వాత గాడ నేనే గదా మరి.”

మా ఆయన వైపు చూశాను. ఆయన గ్లాసులోకి చూస్తున్నాడు. ‘చూస్కుంటున్న’ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తన ముక్కు పోయిందని నా తమ్ముడి ముక్కును ముందుకు తోశాడు. దానికి నేర్పించడమని పేరు పెట్టాడు. వాడు ఆ తలుపు సందులోంచి తల లోపల పెడుతున్నాడు, ఈయన బయట నిలబడుతున్నాడు. నా ఒళ్లు భగ్గుమంది. చేతిలో వేడి చాయ్ గిన్నె ఉంది. ఎక్కడ విసిరేస్తానో అని నాకే భయం వేసి పక్కన పెట్టాను.

ఆ కోపంలోనే, అబద్ధమెందుకు, కాస్త ఊరట కూడా కలిగింది. ఈయనకు లేకపోతే పోయింది, వీడికైనా ఉంది. ఆ తలుపు దగ్గర ఎవరో ఒకరికి వాసన తెలుస్తోంది. బిస్కెట్ల పళ్లెం తెచ్చి వాళ్ల ముందు పెట్టాను.

అప్పుడే మా అత్తమ్మ మా తమ్ముడితో అంది. “కంపు ఇంక పోనేలేదు. గంత సేపటి సంది ఎట్ల కూసున్నవ్ అయ్యా గిండ్ల?”

“ఏం కంపు అత్తమ్మా?” అన్నాడు వాడు బిస్కెట్ నములుతూ.

ఇంట్లో మాడు వాసన గొంతు పట్టుకునేలా ఉంది. దాని మీద ఊదుబత్తీల వాసన. మా ఆయన చాయ్ తాగడం ఆపేశాడు. మళ్లీ ఆ సీసా తెచ్చే ధైర్యం నాకు లేదు. ఆయనే లేచి వెళ్లి తెచ్చాడు.

“కండ్లు మూస్కోరా” అన్నాడు.

వాడు అదేదో ఆట అనుకుని నవ్వుతూ మూసుకున్నాడు. పీల్చాడు. ఆలోచించాడు. కళ్లు మూసుకునే మా ఆయన వైపు మొహం తిప్పాడు.

“నువ్వు చెప్పు బావా.”

“నిన్నే అడుగుతున్న.”

“లవంగమా?”

మా అత్తమ్మ “ఫినాయిల్‌రా అయ్యా!” అని నవ్వింది. ఇంకెవరూ నవ్వకపోవడం చూసి వాడు కళ్లు తెరిచాడు.

“ఎప్పటి సంది?” అని అడిగాడు మా ఆయన. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

వాడు తల దించుకున్నాడు. “గోడౌన్ల పనికి చేరినప్పటి సంది కొంచెం కొంచెం పోయింది బావా. ఇప్పుడు మొత్తానికే లేదు. నేను నీ మొహం చూసి చెప్తుంటి. నీకేం అనిపిస్తలేదంటే, ఏం లేనట్టే గదా అనుకుంటి.”

“నేను నీ మొహం చూస్తుంటిరా” అన్నాడు మా ఆయన.

ఆ మాట తర్వాత వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నేను మాత్రం మనసులో ఆ గోడౌన్ తలుపునే చూస్తున్నాను, ఎన్నడూ చూడని తలుపును. పొద్దున పొద్దున ఈ ఇద్దరూ దాని ముందు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, సరే అనుకుని, వెనకున్న వాళ్లందరినీ లోపలికి రమ్మంటున్నారు. వాళ్లు వస్తున్నారు. ఇన్నాళ్లూ ఏమీ జరగలేదంటే కారుతున్న నీళ్లు ఇంకా డ్రమ్ముల దాకా చేరలేదని, అంతే.

మర్నాడు మా ఆయన మిల్లుకు వెళ్లి తన సంగతి మేనేజర్‌కి చెప్పేశాడు. నా నోటికి భయపడి చెప్పాడని నేననను. తనంతట తానే చెప్పాలనుకున్నాడు. మా తమ్ముడు మాత్రం నా చేతులు పట్టుకున్నాడు.

“అక్కా, నా ముచ్చట ఎత్తకు. ఇద్దరం ఒక్కసారే పోతే ఎట్ల? నేను మెల్లగ వేరే పనికి మారుత. ఒట్టు.”

నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. మా ఆయన్ని బట్ట మడతపెట్టే సెక్షన్‌కి మార్చారు. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదట. తిట్టినా బాగుండేది అన్నాడు ఆయన.

కొద్దిరోజులకు మా తమ్ముడు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“బావ జాగల నన్నే పెట్టిన్రు అక్కా.”

మేనేజర్‌కి వేరే ఆలోచనే రాలేదట. మా ఆయన అన్నాళ్లు తలుపు దగ్గర నిలబెట్టి నేర్పించింది వీణ్నే కదా, మిల్లంతా చూసింది కదా.

“ఒప్పుకున్నవా?”

“వద్దంటే ఎందుకని అడుగుతరు. ఏం చెప్పాలె? ఏం గాదు అక్కా. డ్రమ్ము మీద చెయ్యి పెడితే వేడి తెలుస్తది.”

చెయ్యి పెట్టాలంటే లోపలికి పోవాలిరా, వెధవా, అని అరిచాను. వాడు గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. మా ఆయన “నేను పోయి చెప్త” అన్నాడు గానీ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. తనే పెట్టించిన పని తన నోటితోనే ఊడగొట్టడానికి ఆయనకు మనసు రాలేదు.

మర్నాడు పొద్దున వాన దంచుతోంది. నేను ఎవరితోనూ చెప్పకుండా ఆటో ఎక్కాను. పాండేసరలో మిల్లుల వీధి నిండా నీళ్లు. పనివాళ్లు తలకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, సైకిళ్లు తోసుకుంటూ వెళ్తున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపాడు. లోపల వరండాలో మా తమ్ముడు కనిపించాడు. చేతిలో గోడౌన్ తాళంచెవి, వెనక కొందరు మనుషులు. నేను గేటు దగ్గర నుంచే అరిచాను. అందరికీ అర్థం కావాలని హిందీలో అరిచాను. వీడికి వాసన తెలియదు, వీడు సరే అంటే లోపలికి పోకండి, మీ పిల్లల మీద ఒట్టు, పోకండి అని.

వాడి వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. మేనేజర్ వచ్చి తాళంచెవి తీసుకున్నాడు. మా తమ్ముడు వానలో తలవంచుకుని నడిచొచ్చి, గేటు దాటుతూ, నా మొహం చూడకుండానే అన్నాడు.

“నువ్వు నాకు అక్కవే కాదు.”

ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది. వాడు ఇప్పుడు ఏదో మగ్గాల షెడ్డులో చేస్తున్నాడు. రాఖీ పండక్కి నేనే వెళ్లాను. తలుపు తీయలేదు. ఏడుపొచ్చింది, చెప్పుతో తలుపు మీద కొట్టాలన్నంత కోపమూ వచ్చింది. అంతలో లోపల వాడు దగ్గాడు. ఆ దగ్గు వింటూ కాసేపు నిలబడి ఇంటికొచ్చేశాను.

ఆ గోడౌన్ దగ్గర ఇప్పుడు ఇంకొకతన్ని పెట్టారని మా ఆయన చెప్పాడు. ఊరి నుంచి కొత్తగా వచ్చాడట, ముక్కు చాలా చురుకట, అందరూ మెచ్చుకుంటున్నారట. ఆ గదిలో పనిచేస్తే ఆ ముక్కు ఎన్నాళ్లుంటుందని ఎవరూ అడగలేదట. అతనికీ ఒక అక్క ఉండే ఉంటుంది. ఈ వేళప్పుడు వాళ్ల ఊళ్లో వంట చేసుకుంటూ, వాన బాగా పడుతోందని సంతోషిస్తూ ఉంటుంది.